మొదటి వరుసకు ముందు

ఎస్తోనియాలో, వోరు ఊరి బయట రంపపు మిల్లు.
మైనస్ పదిహేడు.
తెల్లారి నాలుగున్నరకి హెల్దూర్ ఫోన్:
"లీవె, నీ కన్ను తెరుచుకోవడం లేదు."

నా కన్ను కాదు, కెమెరాదీ కాదు,
దాని వెనక నేను రాసిన ప్రోగ్రాం.
పైన్ పలకల మీద ముడులు లెక్కపెట్టి
ఏది కిటికీకి, ఏది పెట్టెకి, ఏది పొయ్యికి
గుక్క తిప్పుకోకుండా చెప్పేది.
నిన్న సాయంత్రం చూపు లైబ్రరీ కొత్త కూర్పు ఎక్కించి
ఆపి ఇంటికెళ్లాను.
ఇవాళ నొక్కితే
పురిట్లోనే సంధి కొట్టినట్టు
కేకైనా లేకుండా పోతోంది.

నడిచి నడిచి పడిపోతే అది వేరు.
ఎక్కడ కాలు జారిందో లాగ్ చెబుతుంది,
చివరి పలక నంబరైనా మిగులుతుంది.
ఇప్పుడు లాగ్ ఫైలు తెరిస్తే సున్నా బైట్లు.
నా మొట్టమొదటి వరుస పని
"లేచాను" అని ఒక్క మాట రాయడం.
అదీ రాయలేదు.
అంటే తప్పు నా వరుసల్లో లేదు,
వాటికి ముందున్న చీకట్లో ఉంది.

తప్పు తనది కాదని తేలితే
కాసేపు సంతోషించే హక్కు ఉండాలి మనిషికి.
నేను ఏడు నిమిషాలు సంతోషించాను.

కెమెరా తీగ పీకాను. పోయింది.
లైబ్రరీ అంతా తుడిచి మళ్లీ ఎక్కించాను. పోయింది.
నాలుగు వరుసల బుల్లి ప్రోగ్రాం రాశాను,
ఒక్క బొమ్మ తెరిచి మూసేయడమే దాని బతుకు.
అదీ పోయింది.
నా ల్యాప్‌టాప్‌లో మాత్రం రెండూ
సిగ్గులేకుండా నడుస్తున్నాయి.

ఈలోగా బెల్టు ఆగలేదు.
కన్ను రాకముందు ఇరవై ఆరేళ్లు
హెల్దూర్ చెయ్యే ఈ మిల్లుకి కన్ను.
చేతొడుగు తీసి పక్కన పెట్టి
వచ్చిన పలకనల్లా ఒక్కసారి నిమిరి
ఎడమకో కుడికో తోస్తున్నాడు.
"అప్పట్లో వందకి ఎన్ని తప్పేవి?"
"నువ్వు వచ్చేదాకా
లెక్కపెట్టేవాళ్లు లేరుగా."

చివరికి, మొదటే అడగాల్సింది అడిగాను:
పోయేముందు ఎవరెవరిని పిలిచావు?
పిలిచిన పేరూ, పలికిన చిరునామా
వరసగా రాసిపెట్టే పనిముట్టు ఒకటుంది.
నలభై మూడు పేర్లు.
వంగని వేళ్లని కాఫీ కప్పుకి చుట్టి చదివాను.
ముప్పై ఒకటోది నా చూపు లైబ్రరీ.
పేరు సరే.
చిరునామా వేరు.

పేరు పెట్టి పిలిస్తే
వీధి మొదట్లో ఉన్నవాడే ముందు పలుకుతాడు.
సిస్టం ఫోల్డర్లో పాత కూర్పు ఒకటి
అచ్చం అదే పేరుతో కూర్చుని,
పిలిచారు కదా అని వచ్చి,
ఎప్పుడూ చూడని పని నెత్తికెత్తుకుని
ప్రోగ్రాంతో సహా కూలుతోంది.

ఎవరు పెట్టారిక్కడ?
తేదీ చూశాను.
నాలుగేళ్ల కిందటి నవంబరు, రాత్రి పదకొండూ నలభై ఎనిమిది.
ఆ రాత్రి మిల్లులో నేనొక్కదాన్నే.
అప్పుడూ ఇలాగే ఏదో లేవకపోతే
ఇప్పటికి ఇక్కడ పడేద్దాం,
రేపు తీసేద్దాం అనుకున్నాను.
ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
ఫైలు తేదీ పట్టేస్తుంది.

పాతదాన్ని తీసేశాను.
కొత్తదాన్ని ప్రోగ్రాం పక్కనే, అదే ఫోల్డర్లో,
చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చోబెట్టాను.
తెర మీద: "లేచాను."

హెల్దూర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
అరచేతిలో జిగురు, రంపపు పొట్టు.
"ఇంతకీ ఎవరి తప్పు?"
"ఏదో పాత లైబ్రరీ. అడ్డం పడింది."
"పాతదా" అన్నాడు
చేతొడుగు వేలు వేలుకీ సర్దుకుంటూ,
"అయితే అంతేలే."

కారు అద్దం మీద మంచు గీకుతున్నాను.
ఆ తేదీ అతనికి చెప్పి ఉండాల్సింది.
లోపల బెల్టు వేగం పెరిగిన చప్పుడు.